ఒకే బరువున్న రెండు గంపలు

మా రేవులో గంపల వరస ఈనాటికీ మా చేతిలోనే ఉంది. కమీషను వ్యాపారి చేతికి పోలేదు. ఎలా పోలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఉత్కంఠ పెంచి చదివించే విద్య నాకు రాదు. గెలిచామని ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకూ నిమ్మళం, రాసే నాకూ నిమ్మళం.

వరస అంటే ఏమిటో ముందు తెలియాలి. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వస్తే మా రేవు. పొద్దు పొడిచాక పడవలు ఒడ్డు తగులుతాయి. చేపలను గంపల్లోకి ఎత్తుతాం, కాటా మీద తూస్తాం, ఇసుక మీద వరసగా పెడతాం. బరువు ఎక్కువున్న గంప ముందు, తక్కువున్నది వెనక. ఆ వరసలోనే వేలం పాట. కొనేవాళ్ళు నెల్లూరు నుంచీ చెన్నై నుంచీ ఐసు వ్యానుల్లో వస్తారు. ముందు గంపల మీద ఎగబడతారు. వ్యాను నిండినవాడు తిరిగి చూడకుండా వెళ్ళిపోతాడు. చివరి గంపల దగ్గరికి వచ్చేసరికి ఎండ ముదురుతుంది, కొనేవాళ్ళు పలచబడతారు, చేప కళ్ళు తెల్లబడతాయి. అందుకే మా దగ్గర వరస అంటే అన్నం. ఎవరి గంప ఎక్కడుండాలో చెప్పే మనిషి చేతిలో అందరి అన్నమూ ఉంటుంది.

ఆ మనిషిని నేను. మా అత్త తర్వాత ఆ పని నాకు వచ్చింది. వచ్చిన గంపను వచ్చినట్టు చివర పెట్టించడం కాదు నా పని. అప్పటికే ఉన్న వరసలో దాని చోటు చూపించాలి. నేను నడిమి గంప దగ్గర నిలబడతాను. కొత్త గంప దీనికంటే బరువా, తేలికా? బరువైతే వెనక సగాన్ని ఇక చూడను. ముందు సగంలో మళ్ళీ నడిమి గంప దగ్గరికి పోతాను. సగానికి సగం వదిలేసుకుంటూ పోతే చోటు ఇట్టే దొరుకుతుంది. మొదటి గంప నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచేవాళ్ళు మధ్యాహ్నానికి కూడా తేల్చలేరు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. తుఫాను షెల్టర్లో సాయంత్రాలు అంగన్‌వాడీ టీచరు బడి పెట్టేది. ముందు నా పేరు రాయడం వచ్చింది, తర్వాత బస్సు బోర్డు చదవడం, తర్వాత పేపరు. ఇంగ్లీషు అక్షరాలు ఎవరూ చెప్పలేదు. పడవల పక్కన పెయింటుతో రాసిన నెంబర్లు చూసి పట్టుకున్నాను. అందుకని పెద్ద అక్షరాలే వచ్చేవి. చిన్నవి సెల్‌ఫోను వచ్చాక వచ్చాయి. ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో కంప్యూటరు సంగతులు వస్తాయి. ఈ ముసలిదానికి ఇవన్నీ ఎలా తెలుసని ఎవరికైనా అనుమానం రావచ్చు. నేర్చుకుంటే తెలిసింది, అంతే.

ఇంజిన్ల పడవలు పెరిగాయి. గంపలు పెరిగాయి. కొత్త గంప మధ్యలోకి రావాలంటే వెనకున్నవన్నీ జరపాలి. గంపలు మోసే ఆడవాళ్ళ నడుములు పోయాయి, ఇసుకలో అటూ ఇటూ నడిచి నా మోకాళ్ళు పోయాయి. నేను ఆలస్యం చేసేకొద్దీ గొణుగుడు పెరిగింది. ఆ సందులో కమీషను వ్యాపారి తన మనిషిని పంపించాడు. నల్లద్దాలు పెట్టుకుని, పొద్దు పొడవక ముందు కూడా వాటిని తియ్యని మనిషి. వరస తాను పెడతానన్నాడు. “ఊరికే పెడతాను, ఎవురూ ఏమీ ఇయ్యబళ్ళా. పెద్దామెకు విశ్రాంతి ఇయ్యండి” అన్నాడు. ఊరికే ఎందుకు పెడతాడో మాకు తెలుసు. వ్యాపారి మాట వినే పడవల గంపలు ముందుకు పోతాయి, విననివాళ్ళవి ఎండలోకి పోతాయి. తెలిసినా, మా పెద్దకాపు మెత్తబడుతున్నాడు. పెద్దకాపు అంటే రేవులో తగువులు తీర్చే పెద్దమనిషి. నాకంటే చిన్నవాడు. మంచివాడే గానీ రోజూ గొడవ వినీ వినీ విసిగిపోయాడు.

మా చిన్న కోడలు మనుబోలు వైపు రైతుల బిడ్డ. కంప్యూటరు చదువు చదివి, నెల్లూరులో ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాస్తూ మా ఇంటికి వచ్చింది. వంజరం చేపకూ చందువ చేపకూ తేడా తెలియదు. ముళ్ళు తియ్యడం చేతకాక మొదటి ఏడాదంతా పులుసు మాత్రమే పోసుకుని తినింది. ఒకనాడు నా మోకాళ్ళకు ఆవిరి గుడ్డ కడుతూ మాట కదిపింది.

“అత్తా, నువ్వు రోజూ చేసే పనికి మా చదువులో ఒక పేరుండాది.”

“ఏం పేరు?”

“సార్టెడ్ కలెక్షన్.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదే?”

“నువ్వు అడగలా. నన్ను చూసినప్పుడల్లా ముల్లు తీసినావా లేదా అనేగా అడిగేది.”

ఆ అమ్మాయి నోరు అలాంటిది. నాకు నచ్చిందీ ఆ నోరే. చెప్పమన్నాను.

ప్రతి గంపా ఒక ఆబ్జెక్టు అంది. దాని బరువు దానికి తెలుసు, తన యజమాని ఎవరో తెలుసు. అన్ని గంపలకూ కలిపి ఒక అచ్చు ఉంటుంది, దాన్ని క్లాసు అంటారు. ఆ అచ్చులోంచి ఎన్ని గంపలైనా తీసుకోవచ్చు.

“ఇడ్లీ రేకా?” అన్నాను.

“అట్టానే అనుకో. రేకు ఒకటే, ఇడ్లీలు వేరు. ఇప్పుడీ గంపలన్నీ ఒక చోట పెట్టుకోవాల. మామూలు దాంట్లో అయితే వచ్చింది వచ్చినట్టు చివర్లో చేరతాది. మనం తర్వాత కూర్చుని సర్దుకోవాల. ఈ సార్టెడ్ దాంట్లో అట్టా కాదు. లోపలికి వేస్తే చాలు, దాని చోట్లోకి అదే పోతాది. ఎప్పుడు తెరిచి చూసినా వరస వరసగానే ఉంటాది.”

“ఎట్టా పోతాది? కాళ్ళుండాయా?”

“నువ్వు నడిమి గంప కాడ నిలబడి అడగతావే, బరువా తేలికా అని? అదీ అట్టానే అడగతాది. తేలికైతే ఒక కొమ్మ, బరువైతే ఇంకో కొమ్మ. ఆ కొమ్మ మీద మళ్ళీ అడగతాది. లోపలంతా చెట్టు మాదిరే.”

మా అత్త నేర్పిన పని, ఆమెకు వాళ్ళత్త నేర్పిన పని, ఎక్కడో ఎవరో చదువుకున్నవాళ్ళు కూర్చుని అదే మాదిరిగా కట్టుకున్నారు. నాకు ఆ పొద్దు మోకాళ్ళ నొప్పి తెలియలేదు.

“అయితే నా పనిని దాంట్లో పెట్టు” అన్నాను.

పెట్టింది. ఒక ట్యాబు మీద నడిచేటట్టు రాసింది. గంప తూచగానే యజమాని పేరు, బరువు కొట్టాలి. తెలుగు అక్షరాల్లో వరస కనిపిస్తుంది. గంపలను ఇసుక మీద జరపనక్కర్లేదు. ఎవరి గంప వాళ్ళ పడవ నీడన, తడి గోతం కింద పెట్టుకుని కూర్చుంటారు. ట్యాబులో పేరు చూసి పిలిస్తే అప్పుడు పాటకు తెస్తారు. నడుములు దక్కాయి, చేపకు ఎండ తప్పింది. పెద్దకాపుకు చూపించాను. అతను తిప్పి తిప్పి చూశాడు.

“అక్కా, ఇది నిలబడితే వరస మీదే. తప్పు పోయిందంటే మాత్రం ఇంక నా వల్ల కాదు. వ్యాపారి మనిషినే పెట్టేస్తా” అన్నాడు.

మొదటి పొద్దు ట్యాబు కోడలి చేతిలో ఉంది. నేను పక్కన గర్వంగా నిలబడ్డాను. ఆమె పేర్లు చదువుతుంటే గంపలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పాట జోరుగా సాగింది. నల్లద్దాలాయన కూడా నోరు మూసుకుని నిలబడ్డాడు. చివరి పేరు పిలిచాం. వ్యానులు కదిలాయి. అప్పుడు మా పక్కింటామె తన పడవ నీడలోంచి లేచి వచ్చింది.

మా పక్కింటామెకూ నాకూ, నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ పడదు. వరసకు నన్ను వదినా అంటుంది. అనే తీరు మాత్రం వేరేగా ఉంటుంది.

“ఏం వదినా, నా గంప ఎప్పుడు పిలుస్తారు? వ్యానులు తిరిగొచ్చాకనా?”

కోడలు ట్యాబు చూసింది. పేరు లేదు. మళ్ళీ చూసింది. లేదు. ఆమె గంప అందరికంటే ముందు తూచినవాటిలో ఒకటి. ఇరవై రెండు కిలోలు. పేరు కొట్టడం నేనే చూశాను.

“చేప తినడం రాదన్నావే నీ కోడలికి!” పక్కింటామె గొంతు రేవంతా వినిపించింది. “గంపకు గంపే మింగేసినాది గదా! ముల్లు కూడా మిగల్చలా!”

“నీ గంపలో ఉండేవి చేపలేనా అని అనుమానమొచ్చి వదిలేసుంటాది” అన్నాను నేను. కోడలిని అంటే ఊరుకుంటానా?

నల్లద్దాలాయన పెద్దకాపు పక్కకు జరిగాడు. “మిషన్లకేం తెలుసన్నా చేపల సంగతి. మడిసి మడిసే” అన్నాడు. ముందు రోజు దాకా నాకు ముసలితనం వచ్చిందన్నది కూడా ఆయనే.

పెద్దకాపు నా వైపు తిరిగాడు. “రేపు ఇంకొక్క పొద్దు చూస్తా అక్కా, నీ మొహం చూసి. రేపు కూడా ఎవురి గంపైనా మాయమైతే ఎల్లుండి నుంచీ ఆయనే వరస పెడతాడు. ఇంక నన్ను అడగొద్దు.”

పక్కింటామె చేపలను మా చిన్న కొడుకు ఐసు పెట్టెలో సర్దుకుని బండి మీద నెల్లూరు తీసుకుపోయాడు. ఆమె నష్టపోలేదు. అయినా సాయంత్రం దాకా గోడ అవతల నుంచి తిడుతూనే ఉంది.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కోడలు వసారాలో కూర్చుని ప్రోగ్రాము తెరిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏడుపు తర్వాత చూసుకుందాం. ముందు గంప యాడికి పోయిందో చెప్పు” అన్నాను.

“ఇంట్లో ఎన్నిసార్లు చూసినానత్తా! బియ్యం, ఉల్లిగడ్డలు, చింతపండు, అన్నీ తూచి కొట్టినా. ఒక్కసారి కూడా తప్పు పోలా.”

“ఎంతెంత తూగినాయి?”

“రెండు కిలోల మూడొందల నలభై గ్రాములు, కిలో ఐదొందల...” అని చెబుతూ చెబుతూ ఆగిపోయింది. నా వైపు చూసింది. “అత్తా, రేవులో గ్రాములు కొట్టలేదే మనం.”

మేం గ్రాములు చూడం. తడి చేప, తడి గంప. గ్రాముల్లో సగం సముద్రపు నీళ్ళే. అరకిలో దాటితే పై కిలో, దాటకపోతే కింది కిలో. మా రేవులో కాటా పుట్టినప్పటి నుంచీ అదే లెక్క. అందుకని ఒకే బరువు గంపలు రోజూ వస్తాయి. కోడలి ఇంట్లో గ్రాములతో సహా తూచిన ఉల్లిగడ్డలూ చింతపండూ ఎప్పుడూ సమానం కాలేదు. ఆమె రాసిన వరసలో ఒక్కో బరువుకు ఒక్కటే కుర్చీ. ముందు పక్కింటామె ఇరవై రెండు వచ్చి కూర్చుంది. తర్వాత ఉత్తరం వైపు పడవది ఇంకొక ఇరవై రెండు వచ్చింది. అదే కుర్చీ కాబట్టి అందులో ఉన్నామెను లేపేసి కూర్చుంది. లేచినామెకు వేరే చోటు లేదు. అదీ మాయం.

తప్పు దొరకగానే ఆ అమ్మాయి మొహం విప్పారింది. “ఇంతేనా! కుర్చీ బరువుకు కాదు, గంపకే ఇస్తా. రెండు గంపలు ఎదురుపడితే యేది ముందో చెప్పే మాట ఒకటి రాస్తే సరి. ముందు బరువు చూడమంటా. బరువు సమానమైతే ముందొచ్చింది ముందు.”

“కాదు” అన్నాను.

“ఏది కాదు?”

“సమానమైతే ముందొచ్చింది ముందు కాదు. నిన్న ఎవురి వల ఖాళీగా వచ్చిందో వాళ్ళది ముందు.”

కోడలు నోరు తెరిచి చూసింది. “ఇది యాడ రాసుండాది?”

“ఎవురు రాస్తారు? అందరికీ తెలుసు.”

“అందరికీ తెలిసింది దీనికి తెల్దత్తా. చెప్తేనే దీనికి తెలిసేది.”

అది నిజమే. నేను ఇన్నేళ్ళూ చేస్తూనే ఉన్నాను గానీ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. నిన్న ఖాళీ వలతో వచ్చిన ఇంట్లో పొయ్యి సరిగా వెలిగి ఉండదు. ఈ రోజు సమానంగా నిలబడ్డప్పుడు వాళ్ళను ఒక అడుగు ముందు నిలబెడితే మిగతావాళ్ళకు పోయేది లేదు. రేపు మన వలే ఖాళీగా రావచ్చు. ఇదీ సంగతి. కోడలు విని, గంప అచ్చులో ఇంకొక గది చేర్చింది. నిన్న వల ఖాళీయా కాదా అని గంపే గుర్తుపెట్టుకోవాలి.

“మరి ఇద్దరివీ ఖాళీ అయితే?”

“అప్పుడు నువ్వన్నట్టే. ముందు ఒడ్డు తగిలిన పడవ.”

“రెండూ ఒకేసారి తగిలితే?”

“అట్టా ఎందుకు తగులుతాయిమే? అల ఒకదాన్ని ముందు తోస్తాది.”

“తోసిందే అనుకో. కానీ ఈ మాట ఎప్పుడూ ‘ఇద్దరూ ఒకటే’ అనకూడదత్తా. అందంటే మళ్ళీ ఒక గంప పోతాది. చివరాఖరికి తూచినప్పుడు పడే టోకెను నెంబరు చూడమంటా. అది ఏ ఇద్దరికీ ఒకటి కాదు.”

ఆమె బరువు సంగతి రాసింది. తర్వాత లాప్‌టాపు నా ఒళ్ళో పెట్టింది. “నిన్న సంగతి నువ్వే రాయి. నీ మాటే గదా” అంది. ఆ గదికి ఆమె పెట్టిన పేరు కూడా మన మాటే, ‘నిన్న’ అని. నేను చూపుడు వేలుతో వెతుక్కుంటూ ఎన్, ఐ, ఎన్, ఎన్, ఏ అని కొట్టాను. మిగతా ముక్కలు ఆమె చెబుతుంటే ఒక్కొక్క గుర్తూ కొట్టాను. ఒక గీత మర్చిపోతే తెర ఎర్రబడింది, దిద్దుకున్నాను. మా అత్తలు నోటితో మోసుకొచ్చిన మాటను నేను వేలితో రాశాను. నేను రాసిన ఆ లైను ఈనాటికీ ప్రోగ్రాములో ఉంది. ఎవరైనా వస్తే చూపిస్తాను. అడగకపోయినా చూపిస్తాను.

అంతటితో అయిపోయిందనుకున్నాం. లేస్తూ నేను అన్నాను, “సరేగానీ, కూరచేప తీసినప్పుడు బరువు ఎట్టా మారుస్తావు?”

“కూరచేప ఏంది?”

గంప తూచాక, పాటకు ముందు, యజమాని ఇంటి కూరకు ఒక చేప తీసుకోవచ్చు. తూచకముందు మాత్రం చెయ్యి పెట్టకూడదు. వచ్చిందంతా కాటాకు చూపించాలి, ఆ తర్వాతే ఇంటికి. చిన్న చేప అయితే ఎవరూ పట్టించుకోరు. పెద్దది తీస్తే బరువు దిగుతుంది, గంప చోటు మారుతుంది. కోడలు తల పట్టుకుంది.

“అత్తా, ఇది బాగా విను. వరసలో కూర్చున్న గంప బరువును కూర్చున్నచోటే దిద్దకూడదు. దిద్దితే బరువు కొత్తది, చోటు పాతది. అది బరువు చూసే వెతుకుతాది గదా, కొత్త బరువుండాల్సిన కొమ్మ మీద వెతికి, లేదు పొమ్మంటాది. ముందు గంపను బయటికి తియ్యాల. బయట దిద్దాల. మళ్ళీ లోపలికి వెయ్యాల. ఈ మూడూ ఒక బటన్‌లో పెట్టి సరిచూసే వ్యవధి లేదు. రేపటికి చేత్తోనే చేసుకోవాల.”

తియ్యి, దిద్దు, వెయ్యి. సాయంత్రమంతా బియ్యం డబ్బాలతో, పప్పు డబ్బాలతో అదే చేయించింది నాతో. ముందు రోజు ఎవరెవరి వలలు ఖాళీగా వచ్చాయో నేను చెబితే ఆమె ఎక్కించుకుంది.

తెల్లవారి రేవుకు పోతే కాటా దగ్గర నిలబడే మనిషి లేడు. నల్లద్దాలాయనతో టీ తాగుతూ కనిపించాడు. “ఒంట్లో బాగలేదక్కా” అన్నాడు గ్లాసు పట్టుకుని. కోడలు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కాటా దగ్గరికి పోయింది. వంజరం తెలియని పిల్ల గంపలు పట్టి తూచడం మొదలుపెట్టింది. ట్యాబు నా చేతికి వచ్చింది.

ఆమె కిలోలు అరుస్తుంది, నేను కొడతాను. అక్షరం కోసం వేలు వెతుక్కున్నప్పుడల్లా నల్లద్దాలాయన నవ్వడం వినిపిస్తూనే ఉంది. నేను తల ఎత్తలేదు. పక్కింటామె గంప ఇరవై ఐదు. పెద్దకాపు పడవ గంప ఇరవై నాలుగు. ఒకే బరువు గంపలు రెండు చోట్ల పడ్డాయి. రెండు చోట్లా రెండు పేర్లూ నిలబడ్డాయి, ఒకదాని కింద ఒకటి. ఊపిరి పీల్చుకున్నాను.

పాట మొదలయ్యే ముందు పక్కింటామె గంపలో చెయ్యి పెట్టింది. పెట్టి, అందులో ఉన్న మంచి వంజరాన్ని తోక పట్టుకుని పైకి లేపింది. అందరికీ కనపడేటట్టు.

“మా ఇంట్లో చుట్టాలుండారు. కూరకు తీసుకుంటాండా. ఏం, నీ పలక ఒప్పుకోదా?”

కోడలు మళ్ళీ తూచి అరిచింది, “ఇరవై నాలుగు!”

రేవంతా నా వేలు చూస్తోంది. ఇరవై ఐదు అంకె అక్కడే కళ్ళ ముందు ఉంది. ఐదు చెరిపి నాలుగు కొట్టేస్తే చూసేవాళ్ళకు పని అయిపోయినట్టే. వేలు అక్కడిదాకా పోయింది కూడా. వెనక్కి తీసుకున్నాను. గంపను బయటికి తీశాను. ఆమె పేరు వరసలోంచి పోయింది.

“అదిగో, మళ్ళీ మాయం!” అన్నాడు భుజం మీదుగా చూస్తున్న నల్లద్దాలాయన.

“గమ్మునుండవయ్యా” అని బరువు దిద్దాను. మళ్ళీ లోపలికి వేశాను. పేరు వచ్చింది. పాత చోట్లో కాదు, ఒక మెట్టు కింద. పెద్దకాపు గంప ఇరవై నాలుగు, దాని కింద పక్కింటామె ఇరవై నాలుగు. పెద్దకాపు వల ముందు రోజు ఖాళీగా వచ్చింది. ఈమెది రాలేదు. నేను రాసిన లైను తన పని తాను చేసింది.

నల్లద్దాలాయనకు ఇంతకంటే మంచి సందు దొరకదు. “చూడక్కా” అన్నాడు పక్కింటామెతో, గొంతు పెంచి. “పెద్దకాపుది ముందుకు, నీది వెనక్కి. నిన్న మింగేసినారు, ఈ పొద్దు తోసేసినారు. ఆడదానివని గదా!”

పక్కింటామె వచ్చి ట్యాబులోకి తొంగి చూసింది. ఆమెకు చదువు రాదు. “ఏం రాసుండాది వదినా?” అంది. చదివి చెప్పాను. ఆమె, ఆయన, ఒకే బరువు, ఆయనది ముందు. కాటా దగ్గర కోడలు గంప అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ ఒక్కామె కాదంటే మా పని అయిపోయినట్టే.

ఆమె నల్లద్దాలాయన వైపు తిరిగింది.

“ఏమయ్యా, నిన్న పెద్దకాపు వల ఎట్టా వచ్చింది?”

“నాకెట్టా తెలుస్తాది?”

“నాకు తెలుసు. ఖాళీగా వచ్చింది. నేను చూసినా. సమానమైనప్పుడు నిన్న ఖాళీ అయినోళ్ళది ముందు. మా అత్త కాలం నుంచీ ఇదే. ఇన్నాళ్ళుగా రేవులో తిరగతాండావు, ఈ మాత్రం తెల్దా నీకు? నువ్వా మాకు వరస పెట్టేది? ముందా అద్దాలు తీసి చూడు!”

నవ్వు మొదలైంది ఎక్కడో, రేవంతా పాకింది. గంపలు మోసే ఆడవాళ్ళు పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. టీ గ్లాసు మనిషి మెల్లగా వచ్చి కాటా పక్కన నిలబడ్డాడు. “జరుగమ్మాయ్, నేను చూస్తాలే” అన్నాడు. “ఒంట్లో బాగైందా?” అని అడిగింది కోడలు. జరగలేదు మాత్రం.

పక్కింటామె నా వైపు తిరిగి, “నిన్న తప్పు, ఈ పొద్దు ఒప్పు. అంతవరకే. నీ కోడలు మంచిదని నేనేం అనలా” అంది. అని, వంజరాన్ని కొంగులో చుట్టుకుని పోయి తన గంప పక్కన కూర్చుంది.

పెద్దకాపు లేచి వచ్చి నల్లద్దాలాయన భుజం మీద చెయ్యి వేశాడు. మర్యాదగానే వేశాడు.

“అబ్బయ్యా, వరస మాది. అది మేం పెట్టుకుంటాం. రేపూ మేమే, ఎల్లుండీ మేమే. నువ్వు కొనేవాడివి. పోయి కొనేవాళ్ళ కాడ నిలబడు.”

ఆయన పోయి నిలబడ్డాడు. నెల్లూరు వ్యాను వాళ్ళ వెనక, చెన్నై వాళ్ళ పక్కన, ఎండలో.

“చదువక్కా” అన్నాడు పెద్దకాపు.

చదివాను. కోడలికి ఇవ్వలేదు, నేనే చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కాదు, ఊరు ఊరంతా వినపడేటట్టు, గొంతు చించుకుని. పిలిచిన ప్రతి పేరుకూ ఒక గంప లేచి వచ్చింది. పెద్దకాపు గంప వచ్చింది, దాని వెనకే పక్కింటామె గంప వచ్చింది. రెండింటికీ పాట గట్టిగా సాగింది. ఎండ ముదరకముందే చివరి గంప దగ్గరికి వచ్చేశాం. అప్పటికి ఇంకా రెండు వ్యానుల్లో ఐసు ఉంది. ఇంకేమైనా ఉన్నాయా అని కొనేవాళ్ళే అడుగుతున్నారు. పడవల నీడలన్నీ ఒకసారి చూశాను. ఎక్కడా పిలవని గంప లేదు.